అరగని ప్లాస్టిక్ కోసం ఆగిన సారు

మా సారు పోయారని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందట. కడప ఇంజనీరింగ్ కాలేజీలో మాకు లోహాల గురించి, ప్లాస్టిక్‌ల గురించి చెప్పిన సారు. ఫోన్ పెట్టేశాక ముందు ఆయన మోకాళ్లే గుర్తుకొచ్చాయి. ఏడుపుతో పాటు ఆయన మీద కోపం కూడా వచ్చింది.

మీ ఇంట్లో ఎవరికైనా మోకాలు మార్చి ఉంటే మీకు తెలిసే ఉంటుంది. పైన లోహం, కింద లోహం, మధ్యన ప్లాస్టిక్ ముక్క. అరిగేది ఆ ముక్కే. ఎంత అరుగుతుందో చూడటమే సారు పని. తిరిగే లోహపు బిళ్ల మీద ప్లాస్టిక్ ముక్కను రోజుల తరబడి అదిమి ఉంచి, కడిగి, ఆరబెట్టి, తూచేవారు. తూచేటప్పుడు గాలికి తూకం కదులుతుందని మే నెల ఎండల్లో కూడా ఫ్యాను ఆపించేవారు. నేను ముక్క పట్టుకోబోతే, "చేత్తో ముట్టుకోవద్దప్పా, నీ చెమట గూడా తూగుతాది" అని కసిరేవారు.

యాభై దాటేసరికే ఆయన మోకాళ్లు పాడయ్యాయి. మార్పించుకోమన్నారు డాక్టరు. మైదుకూరులో బట్టల అంగడి నడిపే మా అమ్మకూ అప్పుడే అదే మాట చెప్తే, సారు నా వెంటపడ్డారు. "మీ అమ్మకు పెద్ద వయసు, ఆ ముక్క ఆమెకు శానా కాలం వస్తాది. తొందరగా చేయించు" అన్నారు. అమ్మకు రెండు మోకాళ్లూ మార్పించాను. మరి మీరో సార్ అంటే నవ్వేశారు. "నాకింకా వయసుండాది. ఇప్పుడేయించుకుంటే అది అరిగిపోయి మళ్లా కోయాల్సొస్తాది. ఇంకా మంచి ప్లాస్టిక్ వస్తాండాది, ఆగుదాం."

మంచిది వచ్చింది. అంతకన్నా మంచిది రాబోతోందని మళ్లీ ఆగారు. ఆయన ఇల్లు మేడ మీద. రిటైరయ్యాక మెట్లు దిగడం తగ్గించారు, తర్వాత మానేశారు. చివరికి సరేనన్నప్పుడు, గుండె బలహీనంగా ఉంది, మత్తు ఇవ్వలేమని డాక్టర్లు చెప్పేశారు. ఆ సాయంత్రం నేను వెళ్తే కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. "అప్పుడే ఏయించుకొనింటే ఈపాటికి అరిగింటాది. అరిగితే అరగనీ, నడిచింటా గదప్పా" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. అంత తెలిసిన మనిషికి ఎవరం ఏం చెప్తాం?

నిన్న అమ్మ నాతో కలిసి పలకరించడానికి వచ్చింది. వద్దన్నా వినకుండా కమ్మీ పట్టుకుని ఆ మెట్లన్నీ ఎక్కింది. సారు భార్య అమ్మ చేతులు పట్టుకుని ఏడ్చారు. మేం బయల్దేరితే మెట్ల దాకా వచ్చి, "పదిలంగా దిగక్కా" అన్నారు. అమ్మ ఒక్కో మెట్టూ దిగింది. కిందికి చేరి చెప్పులేసుకునే దాకా పైన నిలబడ్డ సారు భార్య కళ్లు అమ్మ మోకాళ్ల మీదే ఉన్నాయి.