ఎనిమిది అంకెల మీద అట్టముక్క

మా సోషల్ సార్ సోమవారం ఉదయం అయిదు గంటల నలభై నిమిషాలకు మహబూబాబాద్‌లో దవాఖానలో చనిపోయారు. వయసు డెబ్బై ఒకటి. గుండె ఆగిందని డాక్టర్ రాశారు. అప్పటికి ఆయన చేతిలో ఒక వినియోగదారుల కేసు నడుస్తోంది. దంతాలపల్లి దగ్గర కూలికి పోయే ఒకామె పేరున, ఆమెకు తెలియకుండా రెండో సిమ్ కార్డు తీశారు. ఆ నంబరుతో ఎవరో జనాన్ని మోసం చేశారు. పోలీసు నోటీసు మాత్రం ఆమె ఇంటికి వచ్చింది. ఆ సిమ్ ఆమె తీసుకున్నది కాదని తేల్చే పని సార్ నెత్తికెత్తుకున్నారు. అది తేలకముందే పోయారు.

నాకు ఫోన్ చేసింది సార్ భార్య. మేం ఆమెను అమ్మ అనే పిలుస్తాం. "మీ సారు పోయిండు బిడ్డా" అన్నది. ఆ వెంటనే, "వచ్చే వారం బుధవారం వాయిదా ఉండె గదా, ఆ చెల్లెకు ఎవరన్న చెప్పాలె" అన్నది. ఆ ఇంట్లో కేసుల సంగతి అలాంటి పొద్దున కూడా గుర్తుంటుంది.

సార్ నాకు ఎనిమిదో తరగతిలో పాఠం చెప్పారు, నెల్లికుదురు హైస్కూల్లో. పౌరశాస్త్రం పుస్తకంలో 'ప్రభుత్వ సేవలు' అన్న పాఠం రాగానే పుస్తకం మూసి, మమ్మల్ని ఇద్దరిద్దరిగా బస్టాండుకు పంపారు. అక్కడి బోర్డు మీద బస్సుల వేళలు రాసి ఉండేవి. బోర్డు ఏమంటుందో ఒక గడిలో, బస్సు ఎన్నింటికి వచ్చిందో పక్క గడిలో రాసుకు రావాలి. మొదటి రోజు నేను 'బస్సు రాలేదు' అని రాసుకొచ్చాను.

"రాలేదని నీకెట్ల తెలుసురా?"

"నేను ఆడనే నిలవడ్డ సార్. రాలే."

"ఎంతసేపు నిలవడ్డవ్?"

"చానసేపు సార్."

"చానసేపంటే ఎంత? మీ అవ్వ బువ్వకు పిలిచేదాంకనా?"

క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు. నా నోటుబుక్కు తీసుకుని, ఎన్నింటికి వెళ్లావో రాయి, ఎన్నింటికి తిరిగొచ్చావో రాయి, ఆ రెండింటి మధ్య రాలేదని అప్పుడు రాయి అన్నారు. వారం తర్వాత మేం రాసినవన్నీ ఒక పెద్ద కాగితం మీదికి ఎక్కించి డిపోకు పోస్టు చేశారు. నెల గడిచాక ఒకతను రంగు డబ్బాతో వచ్చి బోర్డు మీద వేళలు మార్చి రాసిపోయాడు. మేం రాసిన వేళలే అవి. బస్సు మాత్రం ఎప్పటిలాగే వచ్చేది. మేం అలిగాం. "గిది గూడ జవాబేరా. అబద్ధం జెప్పే బోర్డు పోయింది, అంతమేర మేలు" అన్నారు సార్.

ఇరవై ఎనిమిదేళ్లుగా విలేకరి పని చేస్తున్నాను. 'చాలాసేపు' అన్న మాట వార్తలో రాయబోయి ఆగిన ప్రతిసారీ ఆ తరగతి గుర్తొస్తుంది.

తర్వాత సార్ భూపాలపల్లి వైపు టేకుమట్లకు హెడ్మాస్టరుగా వెళ్లారు. అక్కడ బడి వరండా గోడకు పెద్ద నల్లబోర్డు బిగించారు. మధ్యాహ్న భోజనానికి వచ్చిన బియ్యం ఎన్ని కిలోలు, ఏ టీచరు ఏ రోజు సెలవు, మరుగుదొడ్డి మరమ్మతు ఎక్కడ ఆగింది, అన్నీ దాని మీద ఉండేవి. పొలం నుంచి వచ్చేవాళ్లు ఆగి చదివి వెళ్లేవాళ్లు. ఆ బోర్డు గురించి నేనే వార్త రాశాను, మెచ్చుకుంటూ. దాచిపెట్టేది ఏదీ మంచిది కాదన్నది ఆ రోజుల్లో మా ఇద్దరి నమ్మకం.

ఆ నమ్మకంతోనే ఒకసారి స్కాలర్‌షిప్ జాబితా కూడా గోడకు అంటించారు. పిల్లల పేరు, తండ్రి పేరు, కులం, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఇంటి ఫోను. ఎవరి పేరు తప్పిపోయినా తల్లిదండ్రులు చూసుకుని అడుగుతారని ఆయన ఉద్దేశం. రెండు వారాల తర్వాత పదో తరగతి పిల్ల ఇంటికి ఎవడో ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. పిల్ల పేరు, తండ్రి పేరు, తరగతి అన్నీ చెప్పేవాడు. నంబరు ఎక్కడిదని తండ్రి గద్దిస్తే "మీ బడి గోడ మీదిదే" అన్నాడు. ఆ మర్నాటి నుంచి పిల్ల బడికి రాలేదు.

సార్ జాబితా చించేశారు. అప్పటికే దాని ఫోటో ఎన్ని ఫోన్లలోకి వెళ్లిందో ఎవరికీ తెలియదు. వరుసగా నాలుగు ఆదివారాలు ఆ ఇంటికి వెళ్లారు. నాలుగోసారి ఆ తండ్రి, "సారూ, నువ్వు మంచోనివే. గందుకే నిన్ను ఏమనలేకపోతున్న" అన్నాడట. పిల్ల పరీక్షలు రాసింది. ఆ ఏడాది కాలేజీలో మాత్రం చేరలేదు.

ఇది సార్ నాకు చాలా ఏళ్లకు చెప్పారు, రిటైరై మహబూబాబాద్‌లో స్థిరపడ్డాక. సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు చెప్పలేదు. "బియ్యం దొంగల గురించి ఆలోచించి గోడ మీద పెట్టిన. ఆ పిల్ల గురించి ఆలోచించలే" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు: "పని గోడ మీద ఉండాలె. మనిషి ఉండొద్దు."

పారదర్శకత, గోప్యత అంటూ సదస్సుల్లో గంటల తరబడి నడిచే చర్చలు నేను వార్తలుగా రాశాను. వాటిలో విన్నదేదీ ఈ రెండు మాటలంత తేటగా లేదు.

రిటైరయ్యాక సోమవారం సోమవారం కలెక్టరేటు ఎదుటి జిరాక్స్ షాపు ముందు ఒక ఇనుప కుర్చీలో కూర్చునేవారు. అర్జీలు రాసిపెట్టేవారు. 'మహారాజశ్రీ' అని మొదలుపెట్టి 'తమ పాదాలకు' అని ముగించిన కాగితం ఎవరైనా తెస్తే మొదటి వాక్యం, చివరి వాక్యం కొట్టేసేవారు. "అడుక్కుంటలేవు అవ్వా, అడుగుతున్నవు. తేడా ఉన్నది" అనేవారు.

జేబులో ఎప్పుడూ సబ్బు డబ్బా నుంచి కత్తిరించిన అట్టముక్క ఒకటి ఉండేది. ఆధార్ కార్డు జిరాక్స్ తీసేముందు పన్నెండు అంకెల్లో మొదటి ఎనిమిదింటి మీద అది పెట్టేవారు. కాపీ బయటికి రాగానే దాని మీద అడ్డంగా 'ఫలానా పనికి మాత్రమే' అని రాసి తేదీ వేసేవారు. షాపతనికి విసుగొచ్చేది.

"సారూ, మీ అట్టముక్కతోని నా గిరాకంత నిలవడుతున్నది."

"నీ గిరాకి జర నిలవడితే ఏంగాదు తియ్. నంబరు ఒక్కసారి బయటవడితే మల్ల లోపలికి రాదు."

కొన్ని ఆఫీసుల్లో పూర్తి నంబరు కావాలని కాపీ తిప్పి పంపేవాళ్లు. ఎందుకు కావాలో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనేవారు సార్. తరచుగా ఆ కాపీయే సరిపోయేది.

నన్ను కూడా వదల్లేదు. పింఛను ఆగిన ఒక ముసలమ్మ కార్డు పట్టుకుని నిలబడిన ఫోటో మా పేపర్లో వచ్చిన రోజు ఆరున్నరకే ఫోన్ చేశారు. "కార్డు మీది నంబర్లు నా కండ్లకే ఆనుతున్నయి" అన్నారు. కార్డు కనిపిస్తేనే జనం నమ్ముతారని నేనన్నాను. "ఆమె మొఖం జూస్తె నమ్మరా?" అన్నారు. ఆ తర్వాత కార్డు ఫోటో నేను పంపలేదు.

జనగామలో ఒక కాలేజీ హాల్లో డిజిటల్ పాలన మీద సదస్సు జరిగింది. సార్ నాతో పాటు వచ్చారు. హైదరాబాద్ నుంచి వచ్చిన నిపుణుడు ఫిర్యాదుల పోర్టల్ గురించి చెబుతూ, వచ్చిన ఫిర్యాదుల్లో దాదాపు అన్నీ గడువులోపే ముగిశాయన్నాడు. ప్రశ్నల వేళ సార్ లేచారు.

"ముగిసినయా, మూసిన్రా?"

హాల్లో కొందరు చప్పట్లు కొట్టారు. నిపుణుడు నవ్వి, ఉదాహరణ చెప్పమన్నాడు. అప్పుడు సార్ ఈ దంతాలపల్లి ఆమె సంగతి చెప్పారు.

ఆమె మిర్చి ఏరే కూలీ. రోడ్డు పక్కన గొడుగు కింద సిమ్‌లు అమ్మే మనిషి దగ్గర ఒక సిమ్ తీసుకుంది. వేలు పెట్టమంటే పెట్టింది. "పడలే అక్కా, మల్ల పెట్టు" అన్నాడతను. అలా నాలుగుసార్లు. ఆమెకు అనుమానం రాలేదు. "మిరపకాయలు ఏరి ఏరి నా ఏలు అరిగిందనుకున్న సారూ" అని తర్వాత చెప్పుకుంది. ఆ నాలుగు వేలిముద్రల్లో రెండో సిమ్ పుట్టింది.

నోటీసు వచ్చాక సార్ ఆమె తరఫున కంపెనీ మీద ఆ పోర్టల్‌లోనే ఫిర్యాదు పెట్టారు. ఏ నంబరు మీద ఫిర్యాదో ఆ నంబరుకే ఓటీపీ పోతుంది. ఆ నంబరున్న ఫోను మోసగాడి చేతిలో ఉంది. మూడుసార్లు ఫిర్యాదు పెట్టారు. ఫిర్యాదుదారు స్పందించనందున మూసివేశామని మూడుసార్లూ జవాబు వచ్చింది.

"దొంగ చేతికి తాళంచెవులు ఇచ్చుడు విన్న. దొంగ ఒప్పుకుంటెనే ఫిర్యాదు తీసుకునుడు ఇప్పుడే సూస్తున్న" అన్నారు సార్. ఈసారి చప్పట్లు రాలేదు. నిపుణుడు వివరాలు రాసుకున్నాడు. సార్ ఆమె పేరు చెప్పలేదు, నంబరూ ఇవ్వలేదు. ఆమెను అడిగి ఇస్తానన్నారు.

పోర్టల్‌తో కాక జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లారు. వకీలు లేకుండా, ఆమె రాసిచ్చిన అధికారపత్రంతో తనే నిలబడ్డారు. ఫోటో ఆమెదే, వేలిముద్ర ఆమెదేనని కంపెనీ చెప్పింది. సార్ కాదనలేదు. ఆ నాలుగు వేలిముద్రలు ఏ రోజు, ఏ గంటకు, ఏ నిమిషానికి పడ్డాయో చూపించమన్నారు. ఒకే చోట, నిమిషాల తేడాలో రెండు సిమ్‌లు ఇచ్చినట్టు తేలితే ఆమె మాట నిలుస్తుంది. రికార్డు తెమ్మని కమిషన్ కంపెనీని ఆదేశించింది. ఆ కాగితాన్ని బట్టే పోలీసుల ముందు ఆమె నిందితురాలో సాక్షో తేలుతుంది.

శనివారం దవాఖానలో సార్‌ను చూశాను. ఊపిరి కష్టంగా ఉంది. కేసు ఎలా ఉందని నేను అడగలేదు, ఆయనే ఆ మాట ఎత్తారు. "నీ పేపరోల్లు రాసేటట్లయితే ఆమెను అడిగి రాయి" అన్నారు. అదే ఆఖరి మాట నాతో.

దినకర్మలు పూర్తికాకముందే అమ్మ బీరువా తెరిచింది. లోపల పదహారు కవర్లు, ఒక్కొక్కటి ఒక్కొక్కరివి. ఈ వ్యాసం కోసం దంతాలపల్లి కవరు ఒకసారి చూస్తానన్నాను. "నీకు గూడ ఇయ్యద్దన్నడు బిడ్డా. ఎవరివి వాళ్లకే ఇయ్యాలె" అన్నది. కళ్లు తుడుచుకుంటూనే ఒక్కొక్కరికీ ఫోన్ చేయించి పిలిపించింది.

దంతాలపల్లి ఆమె గురువారం వచ్చింది. సార్ ఫోటో ముందు కాసేపు కూర్చుంది. తర్వాత కవరు తీసుకుంది. తన సంగతి రాయొచ్చని, పేరు వద్దని నాకు చెప్పింది. వకీలును చూడమంటారా అని అడిగాను.

"వద్దు తమ్మీ. నేనే పోత."

"ఆడ ఏమని మాట్లాడుతవక్కా?"

"ఏమున్నది? ఒక్కటే అడిగిన, రెండెందుకు ఇచ్చిన్రు అంట. గంతే."

కవరును చీర కొంగులో చుట్టి, రెండు చేతులా పొట్టకు పట్టుకుని మెట్లు దిగింది. వచ్చే బుధవారం ఉదయం పదిన్నరకు కమిషన్ కూర్చుంటుంది. వేలిముద్రల వేళలున్న రికార్డును కంపెనీ ఆ రోజు దాఖలు చేయాలి. ఆ రోజు పిలిచే కేసుల వరుసలో ఆమెది నాలుగోది.