వంటగది గోడ మీద ఆగిన నక్క

ఆ రోజుల్లో బడి నడిచిన రోజులకంటే బందు రోజులే ఎక్కువనిపించేది. తెలంగాణ ఉద్యమం ఊపు మీదుంది. నినాదాలకు నా గొంతు బాగానే లేచేది కానీ, డోర్నకల్ దగ్గరి తండాలో విద్యా వలంటీరుగా అక్షరాలు నేర్పడానికి మాత్రం ఓపిక ఉండేది కాదు. (నన్ను గొప్ప సారని ఇప్పటికీ అంటున్నారు కాబట్టి ఈ నిజం చెప్పక తప్పదు.) పెద్దసారు తనిఖీకి వచ్చేలోగా పిల్లలకు చదవడం రాకపోతే నా కొలువు పోతుంది.

నా బెత్తం చూడగానే పిల్లలు వంటగదిలో దూరేవారు. అక్కడ మధ్యాహ్న భోజనం వండే లంబాడా అవ్వ, బియ్యంలో రాళ్లేరుతూ వాళ్ల భాషలో నక్క కథ చెప్పేది. అన్నం ఉడకగానే ఆపేసేది. మర్నాడు ఎక్కడ ఆగిందని పిల్లలు కొట్టుకునేవారు. "సారూ, యాడ ఆగిందో జర గోడ మీద రాయి" అనేది చదువురాని అవ్వ. ఆమె పలికిన మాటల్ని తెలుగు అక్షరాల్లో సుద్దముక్కతో రాసేవాణ్ని. (అర్థం నాకు తెలిస్తే ఒట్టు.) మర్నాడు పిల్లలు అది చదివితేగాని అవ్వ నోరు విప్పేది కాదు.

"కథలతోని సదువొస్తదా అవ్వా?" అని వెక్కిరించాను.

"కథ లేకుంటె పోరగాళ్లే రారు. ఇగ సదువు యాడికెల్లి వస్తది?"

మహబూబాబాద్ నుంచి పెద్దసారు రానేవచ్చారు. పిల్లలందరికంటే చిన్నదైన బుడ్డి అనే పాప పుస్తకం గడగడా చదివితే, "బట్టీ కొట్టించినవా?" అని నన్ను ఉరిమి చూసి, పలక మీద తనే రాశారు: 'రేపు బడి బందు.' బుడ్డి ఒక్కో అక్షరం కూడదీసుకుని చదివి మొహం మాడ్చుకుంది. వెనకనుంచి ఒకటే గోల.

"బందేంది సార్! నక్క బావిలనే ఉన్నది!"

"మేము రేపు గూడ వస్తం!"

పెద్దసారు పడిపడి నవ్వారు. "శభాష్! ఎవరు నేర్పిన్రు?"

"నేనే సార్" అన్నాను. వంటగదిలో గరిటె చప్పుడు ఒక్క క్షణం ఆగింది.

బుడ్డి ఇప్పుడు భూపాలపల్లిలో టీచరమ్మ. మొన్న తన బడికి పిలిచి, "నాకు సదువు నేర్పిన సారు" అని పిల్లలకు చూపించింది. ఇక ఉండబట్టలేక, "నేను కాదు బిడ్డా, అవ్వ" అన్నాను. పకపకా నవ్వింది.

"మాకెరుకే గద సార్. 'సారు కొలువు పోతదని బుగులుపడ్డడు, మీరు నోరు తెరువకుండ్రి' అని అవ్వ గా దినమే చెప్పింది."

ఇన్నేళ్లు గుండెల్లో మోసిన రహస్యం తండా అంతటికీ తెలుసన్నమాట! సిగ్గు దాచుకోవడానికి, "ఇంతకూ ఆ నక్క బావిలకెల్లి ఎట్ల బయటపడ్డది?" అన్నాను. బుడ్డి బోర్డు మూలన వాళ్ల భాషలో కథ ఆగిన చోటు రాసి, సుద్దపొడి దులుపుకుంది.

"రేపు రాండ్రి సార్. ఇది సదివి సూపిస్తెనే చెప్త."

మర్నాడు ఆ బడికి అందరికంటే ముందు చేరింది నేనే.