స్టీరింగు కింద మోకాలు

మా బావ ఎడంచేత్తో అన్నం మెతుకు ముట్టడు. ఆయన మా అక్క మొగుడు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంతబొమ్మాళి వైపు తీరం నుంచి పలాస స్టేషనుకి చేపల వ్యాను నడిపేవాడు. ఆ వ్యాను షావుకారు దగ్గరే నేను పెట్టెలు లెక్కపెట్టే మనిషిని. వ్యానులో నా సీటు బావ పక్కనే.

బావకి షుగరు. పడవలు ఎప్పుడు ఒడ్డుకొస్తే అప్పుడే పని గనక, ఇంటి దగ్గర మాత్ర వేసుకుని తినకుండానే పరిగెత్తేవాడు. ఐసు వేసి, పెట్టెలు ఎక్కించి బయల్దేరాక మధ్యలో ఆగడానికి వీల్లేదు. రైలు తప్పితే సరుకంతా పాడు. టెక్కలి వచ్చేసరికి ఆయన వేళ్ళు వణికేవి, నుదుటి మీద చెమట పట్టేది. అప్పుడు నా ఒళ్ళోని కేరేజీ మూత తియ్యమనేవాడు. అందులో అక్క పెట్టిన అన్నం, చేపల పులుసు.

తినడం కుడిచేత్తో, స్టీరింగు ఎడంచేత్తో. గేరు ఉండేదీ ఎడంపక్కే. గేరు మార్చాల్సినప్పుడల్లా ఆ చెయ్యి కూడా కిందికి పోయేది. స్టీరింగుని మోకాలితో అదిమి పెట్టేవాడు. నిండా సరుకున్న వ్యాను ఆ కాసేపు మోకాలి మీద నడిచేది.

"ఎడంచేత్తో తిను బావా. కుడిచెయ్యి స్టీరింగు మీదుంచు," అన్నానోసారి.

ఎదురుగా లారీ వచ్చినా ఆయన అలా అదిరిపడడు. "అన్నం ఎడంసేత్తోనా? నీకు మతి గాని పోయిందేటి?"

"పోనీ చెంచా?"

"సెంచాతో ముల్లు తీత్తావా నువ్వు?"

నాకు బడి చదువు తక్కువ. లెక్కలు పెట్టెల దగ్గర నాకు నేనే నేర్చుకున్నాను. ఆయనకి లెక్క కట్టి చెప్పాను. "గంటకి నలభై అయిదు కిలోమీటర్లంటే సెకనుకి పన్నెండున్నర మీటర్లు. ముల్లు కోసం నువ్వు తల దించితే రెండు సెకన్లు. ఇరవై అయిదు మీటర్లు ఈ బండి గుడ్డిగా పోతంది బావా."

"మరి తినకుండా కళ్ళు తిరిగితే ఎన్ని మీటర్లు పోద్ది? అదీ సెప్పు."

బండి నేను తోలుదామంటే చిన్నప్పటి నుంచీ నాకు ఒక కన్ను సరిగా ఆనదు. ముద్దలైనా నేనే కలిపి పెడదామనుకున్నాను. పెట్టాను కూడా. టెక్కలి బజార్లో కిళ్ళీ కొట్టు దగ్గరున్నవాళ్ళు చూశారు. "ఏటి మావా, పెళ్ళికొడుక్కి బువ్వ తినిపిత్తన్నావా?" అని ఒకటే నవ్వులు. మర్నాడు బావ నా చేతి ముద్దకి నోరు తెరవలేదు.

ఆ వానాకాలం ఒక పొద్దున, టెక్కలి దాటాక, ముందు పోతున్న బస్సు ఎవరినో దించడానికి ఆగబోయింది. బావ ఎడంచెయ్యి గేరు మీదికి పోయింది. అదే క్షణంలో గొంతులో ముల్లు గుచ్చుకుంది. దగ్గు తన్నుకొచ్చింది, మోకాలు ఎగిరింది. నేను స్టీరింగు పట్టుకున్నాను గాని ఎటు తిప్పానో నాకు తెలీదు. వ్యాను తారు దిగి, బురదలో జారి, జీడితోట గట్టుకి ఆనుకుని ఆగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. బావకి మాట రావడం లేదు, కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. గొంతు చూపిస్తున్నాడు. నేను వీపు నిమరడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాను.

తోటలో పనిచేస్తున్న ఒకామె తన చద్దన్నం తెచ్చి పెద్ద ముద్ద చేసి నోట్లో పెట్టింది. "నమలకు అన్నా, మింగీ." ముల్లు దిగింది. బావ వ్యాను వంకైనా చూడలేదు. "ఇంకొంచెం పెట్టమ్మా," అని గట్టు మీద చతికిలబడి, నెమ్మదిగా తిన్నాడు.

రైలు వెళ్ళిపోయింది. ఇంకోసారి ఇలా అయితే వేరే డ్రైవరు ఉన్నాడని షావుకారు అన్నాడు. షుగరు సంగతి నేను చెబుతానంటే బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "సెప్పకు. రోగమని తెలిత్తే బండి తీసేసుకుంటాడు. మీ అక్కకేటి పెట్టను?"

నేను చెప్పలేదు. మర్నాడు అక్క పులుసు మానేసి పప్పన్నం పెట్టింది. ఆమె చెయ్యగలిగింది అంతే. టెక్కలి దాటాక ఆయన మూత తియ్యమన్నాడు, తీశాను. అప్పట్నుంచి ఆయన గేరు మార్చినప్పుడల్లా నేను ఒక చెయ్యి స్టీరింగు మీద వేసేవాణ్ణి. ముద్ద కోసం ఆయన తల దించినప్పుడల్లా రోడ్డు నేను చూసేవాణ్ణి, ఆనే ఒక్క కంటితో. బ్రేకు మాత్రం ఆయన కాలి కిందే ఉండేది.