మామయ్య గారి నోటుబుక్కులో ఏడో వరుస

మా మామయ్య గారి కుడి చేతిలోంచి మామిడికాయ జారిపడిన రోజు నాకు బాగా గుర్తు. రెండేళ్ల కిందట, ఏప్రిల్ నెల. నూజివీడు శివార్లలోని తోటలో బంగినపల్లి కాయలు గంపల్లో సర్దుతున్నారు. తోట మాది అని బయట చెప్పుకుంటాను గానీ నిజానికి అది మామది. నేను ఇల్లరికపు అల్లుణ్ణి, హైస్కూల్లో సోషల్ మాస్టారిని. ఇల్లరికం వచ్చినవాడికి ఇంట్లో అరిచే హక్కు ఉండదు కాబట్టి ఆ సరదా బడిలో తీర్చుకుంటాను.

జారిన కాయని ఆయన ఎడం చేత్తో తీసి కుడి చేతిలో పెట్టుకున్నారు. మళ్లీ జారింది. మళ్లీ తీశారు. మూడోసారి జారాక కూలీల వైపు తిరిగి, గంప చూపిస్తూ, "ఆ గొడుగులో గడ్డి వెయ్యండి" అన్నారు.

"గొడుగెందుకండీ అయ్యగారూ, వానొచ్చినప్పుడు చూద్దాంలెండి!" అంది ఒకావిడ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన కూడా నవ్వబోయారు. మూతి సగమే నవ్వింది.

అంబాసిడర్ కారు మాట్లాడుకుని బెజవాడ ఆస్పత్రికి వెళ్లేసరికి కుడి కాలూ చెయ్యీ పూర్తిగా పడిపోయాయి. పక్షవాతానికి పక్షపాతం ఎక్కువ, ఒక్క పక్కనే పట్టుకుంటుంది. బి.పి. చూసి డాక్టరు గారు పెదవి విరిచారు. "స్ట్రోక్. ఎడమ వైపు బ్రెయిన్‌లో క్లాట్ అయ్యుంటుంది. ఆ పక్కనే మాట కూడా ఉంటుంది. అందుకే పోయింది. దీన్ని ఎఫేసియా అంటారు."

"మతి పోయిందా డాక్టరు గారూ?" అని మా అత్తయ్య గారు అడిగారు.

"లేదమ్మా. అన్నీ తెలుస్తున్నాయి. చెప్పాలనీ ఉంది. మాటే దొరకడం లేదు."

"మళ్లీ ఎప్పుడు దొరుకుద్దండీ?"

"మొదటి ఆరు నెలల్లో ఎంత వస్తే అంతే అనుకోండి. ఆ తర్వాత వచ్చేది తక్కువ."

ఆ రోజు నుంచి మా ఇంటిల్లిపాదికీ ఆ ఆరు నెలలే కాలెండరు.

పది రోజులు ముక్కులోంచి రైల్స్ ట్యూబ్ వేసి పాలూ జావా పోశారు. ట్యూబ్ తీసేస్తూ నర్సు మరీ మరీ చెప్పింది: "కూర్చోబెట్టి ముద్దగా పెట్టండి. పల్చటివి పట్టకండి, పొరపోతుంది." విన్నాను. తలూపాను కూడా. నాలుగో రోజున తోట నుంచి చిన్నరసాలు వచ్చాయి. ఆయన వాటి వైపు అలా చూస్తూ ఉండిపోయారు. ఏళ్ల తరబడి సీజనులో మొదటి పండు ఆయనదే. మనసాగక, రెండు పళ్లు పిసికి గ్లాసులో తీసి, పడుకోబెట్టే చెంచాతో పోశాను. రసం కాస్తా రసాభాస అయింది. దగ్గు మొదలైంది, సాయంత్రానికి జ్వరం. ఎక్స్‌రే తీస్తే ఆస్పిరేషన్ న్యుమోనియా.

"ఎవరు పట్టారు?" అన్నారు డాక్టరు గారు.

"నేనేనండీ."

"మీరేం చేస్తుంటారు?"

"టీచర్నండీ."

"ఓహో. చెప్పడమే గానీ వినే అలవాటు లేదన్నమాట."

ఆ వారం ఆక్సిజన్ గొట్టం పక్కన కూర్చుని నేను మొక్కని దేవుడు లేడు. అత్తయ్య గారు నన్ను పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండునని ఉండేది.

జూన్ మధ్యలో ఇంటికి తెచ్చుకున్నాం. జ్వరం పోయింది, కాలు కొంచెం కదిలింది, మాట మాత్రం రాలేదు. "అలవాటైన మాటలు చదివి వినిపించండి. ఆయన వెతుక్కుంటుంటే మీరు అందించకండి, ఆగండి" అని డాక్టరు గారు చెప్పి పంపారు. అలవాటైన మాటలంటే ఏమిటి? ఆయన శ్లోకాలు చదివే మనిషి కాదు. అత్తయ్య గారే ట్రంకు పెట్టె చూపించారు.

"యుద్ధంలో ఉన్నప్పుడు రోజూ రేడియో విని బోర్డు మీద రాసేవారంట బాబూ. ఆ పుస్తకాలు ఇందులో ఉన్నాయి. నాకు రాసిన ఉత్తరాల్లో కూడా ఇదే గోల. రష్యావాడు ఎక్కడున్నాడో రాసేవారు గానీ, నేను తిన్నానా లేదా అని ఒక్క ముక్క రాసి చావలేదు."

మామయ్య గారు రెండో ప్రపంచ యుద్ధంలో ఇరాకులో రోడ్లు వేసే కంపెనీలో పనిచేశారని తెలుసు. ఆయన ఇంగ్లీషు వార్తలు విని, తెలుగు జవాన్ల కోసం రోజూ పొద్దున బోర్డు మీద తెలుగులో రాసేవారని అప్పుడే తెలిసింది. రాసింది చెరిపే ముందు నోటుబుక్కులోకి ఎక్కించుకునేవారు. రోజుకో పేజీ. నేను తెరిచింది సరిగ్గా నలభై ఏళ్ల కిందటి జూన్ నెలాఖరు పేజీ.

"ఫ్రాన్స్: షెర్‌బోర్గ్ రేవు చుట్టుముట్టారు. ఇటలీ: రోము దాటి ఉత్తరానికి. రష్యా: పెద్ద దాడి మొదలు. బర్మా: కొహిమా ఇంఫాల్ దారి తెరుచుకుంది. పసిఫిక్: సైపాన్ దీవిలో పోరు. ఆకాశం: లండన్ మీద ఎగిరే బాంబులు."

మళ్లీ మొదటి నుంచి చదివాను. పదేళ్లుగా ఆ యుద్ధాన్ని పాఠం చెబుతున్నాను. నాలుగు పేజీలు, రెండు పీరియడ్లు. కారణాలు, ఫలితాలు, ఇంపార్టెంట్ క్వశ్చన్లు. అవన్నీ ఒక్క రోజున, ఒకే సూర్యుడి కింద జరిగాయన్న సంగతి నా బుర్రకి ఎప్పుడూ తట్టలేదు. ఒకచోట చిత్తడి నేలల బురద, ఒకచోట అడవిలో వాన, ఒకచోట ఉప్పునీళ్లు. అక్కడ దారి తెరుచుకుంటున్న పూటే ఇక్కడ ఓడ మునుగుతోంది. వెనక్కి తిప్పితే, ఆ ఏప్రిల్ నెలంతా ఇటలీ పక్కన వరసగా "మార్పు లేదు, మార్పు లేదు." ఆ రెండు ముక్కల వెనక కొండ కింద రాళ్లలో నక్కి ఆ రోజు గడిపిన వేలమంది ఉన్నారు. ఎడారిలో చాక్‌పీసు పట్టుకున్న ఇరవై రెండేళ్ల నూజివీడు కుర్రాడు ఒక్క పొద్దులో ప్రపంచమంతా చుట్టి వచ్చేవాడు. నేను నూజివీడులోనే ఉండి క్లాసులో ప్రపంచ పటం తిరగేసి తగిలించే రకం.

రోజూ పొద్దున ఆ తేదీ పేజీ చదివేవాణ్ణి. ఆయన కళ్లు మెరిసేవి. నేను చదవడం ఆపగానే ఎడం చేత్తో మంచం పట్టె మీద రెండుసార్లు కొట్టేవారు. ఒంటేలుకి కాబోలని యూరినల్ సీసా అందించేవాణ్ణి. ఆయన కళ్లు మూసుకునేవారు. అలా జూలై అంతా, ఆగస్టు చాలావరకు రోజుకోసారి సీసా పట్టాను. ఒక్కరోజూ చుక్క పడలేదు. అయినా నాకు అనుమానం రాలేదు.

నాలుగు నెలలు దాటాయి. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారు. మాట సున్నా. డాక్టరు గారు కూడా "చూద్దాం" నుంచి "చూశాంగా"లోకి వస్తున్నారు. అత్తయ్య గారు రాత్రి అన్నం మానేశారని మా ఆవిడ చెప్పింది.

పారిస్ విడుదలైన రోజు పేజీ వచ్చింది. క్లాసులో చెప్పినట్టు చేతులు ఊపుతూ చదివి, ధనామని పుస్తకం మూశాను. మంచం పట్టె మీద రెండు దెబ్బలు. సీసా అందించాను. ఆయన దాన్ని ఎడం చేత్తో విసిరికొట్టారు. సీసా దొర్లుకుంటూ గుమ్మం దాకా పోయింది. మొహమంతా ఎర్రబడింది.

"ఇ..." అన్నారు.

ఇంజెక్షనా అనబోయి డాక్టరు గారి మాట గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాను. ఆగాను. జీవితంలో మొదటిసారి ఒక మాస్టారు ఆగాడు.

"ఇ... ఇ... ఇల్లు."

అత్తయ్య గారు పరుగున వచ్చారు. "ఇంట్లోనే ఉన్నారు కదండీ! ఇది మనిల్లే!"

ఆయన అడ్డంగా తల ఊపి నోటుబుక్కు చూపించారు. నాకు అప్పుడు తెలిసింది.

ఆరు వరుసల కింద ప్రతి పేజీలో ఏడో వరుస ఒకటి ఉంది. సన్నటి పెన్సిలు రాత. అది బోర్డు మీదకి ఎక్కి ఉండదు. మొదటి రోజే చూశాను. మొగుడూ పెళ్లాల సంగతి, అత్తగారి ఎదురుగా చదవడం బాగుండదని రోజూ వదిలేస్తూ వచ్చాను. ఇల్లరికపు మర్యాద! పుస్తకం తెరిచి చదివాను.

"ఇల్లు: ఉత్తరం లేదు. ముప్పై ఒకటో రోజు."

వెనక్కి తిప్పాను. ముప్పయ్యో రోజు. ఇరవై తొమ్మిది. ఒక్కచోట మాత్రం: "ఇల్లు: కార్డు వచ్చింది. క్షేమం."

అత్తయ్య గారు మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడ్డారు. "నాకు రాయడం వచ్చా ఏవన్నానా! మా అన్నయ్యని బతిమాలితే నెలకో కార్డు రాసి పెట్టేవాడు. నేనే రాయించలేదనుకుని... ఇట్టా రోజులు లెక్కెట్టుకుంటూ కూర్చున్నారా?"

ఆయన ఆవిడ వైపే చూస్తున్నారు. ఆవిడ ముక్కు తుడుచుకుని, నాతో కాదు, ఆయనతో చెప్పారు: "ఇల్లు క్షేమవండీ. గేదె ఈనింది. పెయ్యదూడ. బావి పక్క పునాస మామిడికి రెండో కాపు పిందెలు పడ్డాయి. నేను... నేను మూడు రోజుల్నించి రాత్రుళ్లు తినట్లేదు."

"తి..." అన్నారాయన. మేమిద్దరం ఆగాం. "తిను."

ఆరు నెలలకి పదకొండు మాటలు వచ్చాయి. ఏడాదికి నలభై. ఇప్పుడు పేపరు చూసి పెద్దక్షరాలు చదువుతారు. కుడి చెయ్యి మాత్రం రాలేదు. కాయ ఇప్పటికీ ఎడం చేత్తోనే పట్టుకుంటారు. మా తొమ్మిదో క్లాసుకి ఇప్పుడు ఆ యుద్ధం రెండు పీరియడ్లలో అవడం లేదు. హెడ్మాస్టరు గారికి నా మీద కోపంగా ఉంది.

రోగి పక్కన ఉండేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒక్కటే. మామయ్య గారి పద్ధతిలో మేం పెట్టినట్టే ఒక నోటుబుక్కు పెట్టండి. బి.పి., మింగడం, చెయ్యి, కాలు, మాట, నిద్ర, రోజుకో పేజీ. మార్పు లేకపోతే "మార్పు లేదు" అని రాయండి గానీ ఖాళీ వదలకండి. చివర ఒక వరుస ఇంటికి ఉంచండి. అంటే సేవ చేస్తున్న మనిషికి. తిన్నారా, పడుకున్నారా. మా పుస్తకంలో ఆ వరుస చూసే డాక్టరు గారు అత్తయ్య గారిని కూర్చోబెట్టి బి.పి. చూశారు. ఆవిడకీ రోజూ ఒక మాత్ర రాశారు.

పొద్దున నేను ఆరు వరుసలూ రాసి కలం ఆపుతాను. మామయ్య గారు పట్టె మీద రెండుసార్లు కొడతారు. "ఇల్లు?"

"ఇక్కడే ఉంది లెండి, ఎక్కడికి పోద్ది!" అని వంటింట్లోంచి వినపడుతుంది. "ఇడ్లీలు తిన్నాను. నాలుగు."

నేను రాసేదాకా ఆయన కాఫీ ముట్టరు.