లేని గుట్ట ఎక్కాం

దయ్యాలను నేను నమ్మను. చదివింది సివిల్ ఇంజనీరింగ్, కొలతకు అందనిదాన్ని లెక్కలోకి తీసుకోను. ఇది భయంతో రాయడం లేదు, కోపంతో రాస్తున్నాను.

తొంభైల చివర మాదాపూర్‌లో ఐటీ భవనం కోసం ఒక గుట్టను చదును చేసే పనిలో ఉన్నాను. బోర్లించిన గిన్నెలా గుండ్రంగా, గడ్డి కప్పుకుని, ఏ చప్పుడూ లేకుండా ఉండేది. పైకెక్కితేనే అవతలి చెరువు కనిపించేది. కింద నుంచి చూస్తే పక్కనున్న రాళ్ళ వరుస అడ్డం.

మా వాచ్‌మన్ యాదగిరి తల్లి సమాధి ఆ గుట్ట మీదే ఉంది.

"పెత్రమాసకు అమ్మకు అన్నం పెట్టుకుంట సార్. అటెన్క ఎముకలు తీస్కపోత. అందాక జర ఆగుండ్రి," అని మేనేజర్‌ను బతిమాలాడు. పోయిన పెద్దలకు అన్నం పెట్టే అమావాస్య అది.

"అలాగేలేవయ్యా, నీ పండగయ్యాకే పేలుద్దాం," అని మేనేజర్ నా ఎదుటే మాటిచ్చాడు.

యాదగిరి చెల్లెల్ని తీసుకురావడానికి ఊరెళ్ళగానే మేనేజర్ గుట్టను పేల్పించేశాడు. నేను అడ్డుపడితే, "మీరు ఇంజనీరా, పూజారా?" అని నవ్వాడు.

పెత్రమాస నాడు యాదగిరి అన్నం గిన్నెతో ఒక్కడే వచ్చాడు, చెల్లెలికి రావడం కుదరలేదట.

"గుట్టే లేదు కదయ్యా, ఎక్కడ పెడతావు?" అన్నాడు మేనేజర్.

"గుట్టను మీరు తీసిండ్రు సార్. మా అమ్మ లేసి యాడికీ పోలే గద."

చెప్పులు విడిచి నడిచాడు. ముందుకు వంగి, ఆయాసపడుతూ, ఎత్తు ఎక్కుతున్నట్టు. పడిపోతాడేమోనని వెంట వెళ్ళాను. నా పిక్కలు లాగాయి. ఊపిరి అందలేదు. ఆ నేల చదునని ముందురోజే నేను లెవెల్ తీసి చూశాను. ఎండ లేదు, మబ్బు పట్టింది. కడుపు నిండా టిఫిన్ తిన్నాను.

అతను ఆగిన చోట నేనూ ఆగాను. చల్లగాలి కొట్టింది. రాళ్ళ వరుస మీదుగా చెరువు కనిపించింది, నీళ్ళ మీద మబ్బు నీడతో సహా.

"తిను అమ్మా," అంటూ యాదగిరి అన్నం పెట్టాడు.

తిట్టడానికని మేనేజర్ మా వెనకే వచ్చాడు. మోకాలి మీద చెయ్యి ఆనించి రొప్పుతున్నాడు. చెరువు వైపు చూశాడు.

"చాలు, దిగుదాం పదండి," అన్నాడు మెల్లగా.

మర్నాడు అడిగితే, "చదును నేల మీద ఎవడైనా దిగుతాడటండీ? నేనలా అనలేదు," అని గద్దించాడు.

తర్వాత ఎన్నోసార్లు అక్కడ నిలబడ్డాను. చెరువు కనిపించలేదు. ఆ రోజు ఎలా కనిపించిందో ఈనాటికీ చెప్పలేను. కానీ ఆ మేనేజర్ వెనక్కి ఒరిగి, మడమలు ఆనించుకుంటూ దిగడం నా కళ్ళారా చూశాను. కిందికొచ్చాక కూడా యాదగిరితో తప్పయిందన్న ఒక్క మాట అనలేదు.