రెండు కోర్లదా, నాలుగు కోర్లదా

మా ఇంటి ముందు గదిలో సగం నాది, సగం మా ఆవిడది. నా సగంలో కుట్టుమిషను, గుడ్డముక్కలు ఉంటాయి. ఆవిడ సగంలో విప్పేసిన కంప్యూటర్లు. మధ్యలో నేను సుద్దముక్కతో గీసిన గీత ఒకటుంది కానీ, దాన్ని ఖాతరు చేసేది నేనొక్కణ్ణే. ఒకసారి ఒకాయన నేను కుట్టిన కొత్త చొక్కా జేబులో రెండు స్క్రూలు దొరికాయని తెచ్చిస్తే నాకు తల కొట్టేసినట్టయింది. మా ఆవిడ మాత్రం "వీటికోసమే పొద్దుట్నుంచీ వెతుకుతున్నానండీ" అని సంతోషంగా అందుకుంది.

వీధిలో అందరూ ఆవిడని స్క్రూడ్రైవరమ్మ అంటారు. పెళ్ళయిన కొత్తలో ఒక ఆఫీసులో టైపు చేసేది. కంప్యూటరు మొరాయించినప్పుడల్లా మెకానిక్కు వచ్చి "మీరు కాస్త పక్కకి జరగండమ్మా" అనేవాడట. రెండుసార్లు జరిగింది. మూడోసారి జరగలేదు. అతని భుజం మీదుగా తొంగిచూసి నేర్చుకున్న విద్యే ఇదంతా. ఒక పట్టు పట్టిందంటే మా ఆవిడని కదిలించడం ఎవరి తరమూ కాదు. ఈ మాట పదిహేడేళ్ళ అనుభవంతో చెబుతున్నాను.

ఆవిడ తమ్ముడు, అంటే మా బావమరిది, మాతోనే ఉంటాడు. బస్సు కండక్టరుగా చేసేవాడు. రెండేళ్ళ కిందట జబ్బు చేసి చూపు పోయింది, దాంతో ఉద్యోగమూ పోయింది. అంతకుముందు బస్సు నిండా జనాన్ని నవ్వించిన మనిషి, మూల కుర్చీలో కూర్చుని, అడిగితే తప్ప పలికేవాడు కాదు. తెర మీద ఉన్నదాన్ని గట్టిగా చదివిపెట్టే ప్రోగ్రాము ఒకటుందని తెలిసి, మా ఆవిడ వాడి వెంటపడి నేర్పించింది. ఏడాది పట్టింది. ఈలోగా వాళ్ళ పాత డిపోలో ఫోన్లో బస్సుల వేళలు చెప్పే మనిషి కావలసి వచ్చాడు. అక్కాతమ్ముళ్ళు వెళ్ళి అడిగారు.

సూపర్‌వైజరు చెడ్డవాడు కాదు, తొందర మనిషి. "నీకు గుర్తున్న వేళలు చెప్తే కుదరదు, అన్నీ మారిపోయాయి. కంప్యూటర్లో వెతికి చెప్పాలి. సోమవారం రా, పది ఫోన్లు ఇస్తా. ఒక్కోదానికి నిమిషమే టైము. మాట్లాడే కంప్యూటరు మా దగ్గర లేదు, మీరే తెచ్చుకోండి" అన్నాడు. ఆ పది ఫోన్లు దాటితే ఉద్యోగం, లేకపోతే మళ్ళీ మూల కుర్చీ.

ఆవిడ దగ్గర పనిచేసే స్థితిలో ఉన్నవి రెండే పెట్టెలు. రెండూ వాటి కాలంలోనే చవకరకం. ఒకదాంట్లో రెండు కోర్ల ప్రాసెసరు, మరీ ముసలిది, ఫ్యాను ఈల వేస్తుంది. రెండోదాంట్లో నాలుగు కోర్లు, దానికన్నా నాలుగేళ్ళు చిన్నది, చప్పుడు చెయ్యదు, వేడెక్కదు. కోరు అంటే లోపల కూర్చుని పనిచేసే పనివాడనుకోండి. నాలుగు రెండుకన్నా పెద్దది కదా అన్నాను.

"మీరు ఊరుకోండి, కొలవందే చెప్పకూడదు" అంది.

పాపం, కొలిచింది కూడా. ఒకే డిస్కును రెండింటికీ మార్చి మార్చి బిగించి, మెమరీ సమానంగా పెట్టి, స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చుంది. బస్సుల పట్టిక, బ్రౌజరు, చదివిపెట్టే ప్రోగ్రాము, ఇంకోటేదో నాలుగూ ఒకేసారి తెరిస్తే నాలుగు కోర్లది నలభై ఒక్క సెకన్లు తీసుకుంది, రెండు కోర్లది యాభై ఎనిమిది. తర్వాత కళ్ళు మూసుకుని ఆ ప్రోగ్రాము గొంతు విన్నది. రెండింట్లోనూ ఒక్కలాగే పలికింది. శుక్రవారం మధ్యాహ్నానికి ముసలిదాన్ని అటక మీద పెట్టేసి తమ్ముణ్ణి పిలిచింది.

వాడు కూర్చున్నాడు. కూర్చోగానే మీటలు నొక్కి గొంతు వేగం పెంచాడు. నాకైతే గింజలు జల్లెడ పట్టిన చప్పుడులా వినిపించింది. వాడికి అదే మాట. ఏడాదిగా వినీ వినీ వాడి చెవి ఆ వేగానికి అలవాటు పడిపోయింది. రెండు ఊళ్ళ పేర్లు కొట్టాడు, ఆగాడు, మళ్ళీ కొట్టాడు.

"అక్కా, ఇది నోరు తెరిచేలోపు నేను ఇంకో మాట కొట్టేస్తున్నా. పలికేటప్పుడు మొదటి అక్షరం మింగేస్తోంది. ఏ ఊరు చదివిందో తెలియట్లేదు."

"నేను విన్నప్పుడు బానే పలికిందిరా!"

"ఏ వేగంలో విన్నావు?"

మా ఆవిడ స్టాప్‌వాచీ బల్ల మీద పెట్టేసింది. తనకి అర్థమయ్యే వేగంలో విన్నది మరి. నాకు నోరు ఊరుకోదు. "నీ ఒంటి కొలతలు తీసి వాడికి చొక్కా కుట్టావే" అన్నాను. ఇంకో రోజయితే నా మీదికి స్క్రూడ్రైవరు లేచేది. ఆ రోజు "అవునండీ, గాడిదని" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాడి బతుకుతో ముడిపడ్డ పనిలో వాడినే అడగకుండా తేల్చేశానని ఆవిడ బాధ. నేను నోరు జారినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

బాధపడింది అరగంటే. ముసలిపెట్టె అటక దిగింది. ఈసారి స్టాప్‌వాచీ తమ్ముడి చేతికిచ్చింది. తను మీట నొక్కడం, గొంతు వినపడగానే వాడు ఆపడం. ఒక్కో పెట్టె మీద యాభైసార్లు చేశారు. ముసలిది ప్రతిసారీ ముందే పలికింది, ఒక్క అక్షరమూ మింగలేదు.

"నలుగురు పనివాళ్ళున్నా చదివి వినిపించే పని దాదాపు ఒక్కడే చెయ్యాలండీ. నాలుగు కోర్లదాంట్లో ఆ ఒక్కడు నిదానస్తుడు. దీంట్లో ఉన్నది ఇద్దరే కానీ చురుకైనవాళ్ళు" అని నాకు విడమర్చి చెప్పింది.

మిగిలింది ఈల. ఫోను అవతలివాళ్ళకి అది వినపడితే సూపర్‌వైజరు ఒప్పుకోడు. శనివారం పెట్టె విప్పి, ప్రాసెసరు మీద ఎండిపోయిన, వేడిని లాగే పేస్టు గోకి కొత్తది పూసింది. చిన్న ఫ్యాను పీకేసి ఆ చోట నిదానంగా తిరిగే పెద్దది పెట్టబోతే పట్టలేదు. రేకు కోసింది. వేలూ కోసుకుంది. కట్టు కట్టుకుని మళ్ళీ కోసింది. బిగించడానికి మరలు సరిపోకపోతే నా గట్టి నైలాను దారంతో కట్టేసింది. ఆదివారమంతా వాడిచేత అభ్యాసం చేయించింది. నేను పక్కగదిలోంచి ఫోను చేసి రకరకాల గొంతుల్లో బస్సులు అడిగాను.

సోమవారం డిపోలో సూపర్‌వైజరు ఆ పెట్టెని చూసి మొహం చిట్లించాడు. "ఇంతకన్నా మంచిది దొరకలేదా?"

"రెండూ వాడిచేతే కొలిపించానండీ. వాడికి ఇదే మంచిది" అంది మా ఆవిడ.

పది ఫోన్లు వచ్చాయి. మూడోదాంట్లో తడబడ్డాడు, నిమిషం దాటుతుందేమోనని నేను గోడ గడియారంకేసే చూస్తున్నాను. అయినా దాటలేదు. ఏడోదాంట్లో ఎవరో ముసలావిడ ఊరి పేరు మరిచిపోతే, ఆనవాళ్ళు అడిగి వాడే పట్టుకున్నాడు. ఆవిడ ఏమందో గానీ వాడు ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు విని రెండేళ్ళయింది. పదోది అయ్యాక సూపర్‌వైజరు "రేపు ఎనిమిదింటికల్లా ఉండాలి" అని వెళ్ళిపోయాడు.

ఇంటికొస్తుంటే మా ఆవిడ రేపటి ఏర్పాట్లు మొదలుపెట్టింది. ఏడున్నరకి బయల్దేరదామని, సాయంత్రం తనే వచ్చి తీసుకెళ్తానని. వాడు ఆవిడ చెయ్యి వదిలి కర్ర సరిచేసుకున్నాడు.

"వద్దక్కా. నేనే వెళ్ళొస్తా. దారి నాకు తెలుసు."

మా ఆవిడ నడుస్తున్నదల్లా ఆగింది. రెండేళ్ళుగా ఆవిడ పోరాడింది ఆ మాట కోసమే. అయినా మొహం కందిపోయింది. "సరేరా" అని మాత్రం అంది.

మర్నాడు వాడు కర్ర తాటిస్తూ వీధి చివరిదాకా వెళ్ళి మలుపు తిరిగాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి, వాడు పట్టుకోకుండా వదిలేసిన కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని చూస్తూనే ఉంది. నేను మిషను ఆపి, వెళ్ళి పక్కన నిలబడ్డాను.