తెల్దంటే సున్నానా?

తెలివిని కొలిచే పరీక్ష పెట్టేటప్పుడు మన ముఖంలో ఏమీ కనిపించకూడదు. ఆసుపత్రి మానసిక విభాగంలో శిక్షణకు చేరిన మొదటి వారంలోనే మా మేడం నేర్పిన పాఠమిది. జవాబు తప్పయినా ఒప్పయినా తల ఊపకూడదు, ‘ఊఁ’ కొట్టకూడదు. పుస్తకంలో ఉన్న ప్రశ్న ఉన్నట్టే చదవాలి, టైము చూసుకోవాలి, మార్కు వేయాలి. వరసగా కొన్ని సున్నాలు వస్తే ఆ భాగం అక్కడితో ఆపేయాలి. నేను హాస్టల్ గదిలో అద్దం ముందు కూర్చుని రాతి ముఖం సాధన చేశాను. మాది యాడికి అనే ఊరి పక్కన పల్లె. నవ్వితే పక్క చేలోకి వినబడేలా నవ్వే ఇంట్లో పుట్టినదాన్ని. అయినా నేర్చుకున్నాను. నేర్చుకున్నందుకు మురిసిపోయాను కూడా, ఎందుకు దాచుకోవాలి?

ఆ ముఖం పెట్టుకునే ఒకామె కొంప ముంచబోయాను.

ఆమె రాయదుర్గం నుంచి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో మిషన్ మీద పని. భర్త పోయి ఏడాదయింది, ఆరేళ్ళ కూతురుంది. వెంట తీసుకొచ్చినవాడు భర్త అన్న. ఆమెను వరండాలో ఉంచి ముందు తానొక్కడే లోపలికి వచ్చాడు.

“మా మరదలికి బుద్ధి తక్కువ మేడం. బిడ్డను యాడ సాకుతాది? పాపను మేం పెట్టుకుంటామని కోర్టులో వేసినాం. ఆడ ఆసుపత్రి కాగితం అడుగుతాండారు” అన్నాడు. మాట మర్యాదగానే ఉంది. ఆమెను లోపలికి పిలిచి, తానూ తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. బయట ఉండమనాలని నాకు తోచలేదు.

పరీక్ష మొదలుపెట్టాను. వారానికి ఎన్ని రోజులు?

“తెల్దు మేడం.”

నీళ్ళు కాగితే ఏమవుతాయి? “తెల్దు.” ఆమె చూపంతా నా పెన్ను మీదే ఉంది. ఎరుపూ తెలుపూ చెక్క ముక్కలు ముందు పెట్టి, బొమ్మలో ఉన్నట్టు పేర్చమంటే ముట్టుకోనైనా లేదు. సున్నా పక్కన సున్నా వేసుకుంటూ పోయాను. నా ముఖం రాయిలాగే ఉంది. పద్ధతి తప్పకుండా చేశానన్న తృప్తి ఒకటి.

పెన్ను మూసి పుస్తకం పక్కన పెట్టాను. ఆమె బావ టీ తాగడానికి పోయాడు. నేను బ్యాగు భుజానికి తగిలించుకుంటుంటే ఆమె నోరు విప్పింది.

“జిప్పు పోతాండాది చూడు మేడం. కుట్టినోడు పట్టీ మడవకుండానే కుట్టేసినాడు. పైపైన కుట్టిస్తే నెల గూడా నిలబడదు. అంతా విప్పి, పట్టీ లోపలికి మడిచి, రెండు వరసలు వేయించాల. మా యూనిట్లో అయితే పొద్దునిచ్చి మజ్జాన్నానికి తీసుకోవచ్చు.”

వారానికి రోజులెన్నో తెలియని మనిషి మాటలివి.

“మరి నేనడిగితే అన్నిటికీ తెల్దంటివే అక్కా?”

“నువ్వు రాసుకుంటాంటివి గదా” అంది, ఇది కూడా తెలియదా అన్నట్టు. “రాసుకునేవాళ్ళకు ఏం చెప్పినా ఆఖరికి మన మీదికే వస్తాది.”

చెప్పు తీసి నన్ను నేనే కొట్టుకోవాలనిపించింది. ఈ మాట నాకేమైనా కొత్తా? మా ఊళ్ళో జీపు ఆగి, అప్పుల కాగితాలు పట్టుకున్నవాళ్ళు దిగితే మా నాయన పెరటి గుమ్మంలోంచి జారుకుంటూ చెప్పేవాడు: “ఏమడిగినా తెల్దను పాపా.” ఎన్నెకరాలు? తెల్దు. చెనిక్కాయ ఎంత పండింది? తెల్దు. మీ నాయన యాడ? తెల్దు. అప్పుడు నేను మూడో తరగతి, క్లాసులో ఫస్టు. వాన మీద నమ్మకం లేని ఈ నేలలో, కాగితంతో వచ్చిన మనిషికి తెల్దని చెప్పడమే తెలివి. ఆ సంగతి ఎక్కడో కూర్చుని పరీక్ష పుస్తకం రాసినవాళ్ళకు తెలియకపోవచ్చు. నాకు తెలుసు. తెలిసీ సున్నాలు వేశాను.

నేరుగా మేడం గదికి వెళ్ళాను. “ఈ మార్కులు రిపోర్టులో రాయను మేడం” అన్నాను.

“పద్ధతి ప్రకారమే పెట్టావా?”

“పెట్టాను.”

“అయితే వచ్చింది రాయి. జాలిపడి మార్కులు మారిస్తే రేపు మన రిపోర్టు ఎవరు నమ్ముతారు?”

“జాలి ఎందుకు మేడం, తప్పు నాది. వాళ్ళ బావను గదిలో కూర్చోబెట్టుకుని పరీక్ష పెట్టాను. ఈ కాగితం దేనికో ఆమెకు ఒక్క ముక్క చెప్పలేదు.”

“ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. నీ శిక్షణ ఫైలు మీద సంతకం పెట్టాల్సింది నేనేనని గుర్తుందా?”

“పెట్టకండి మేడం.”

మాట వెనక్కి తీసుకోలేదు. తల్లి దగ్గర్నుంచి బిడ్డను లాక్కునే కాగితం రాసి తెచ్చుకునే సంతకం నాకెందుకు?

మేడం చాలాసేపు కాగితాలు తిరగేసింది. “రెండు వారాలాగి వేరే పరీక్ష పెట్టు. నేనూ కూర్చుంటాను. జవాబులు అందించావో, అదే నీకిక్కడ ఆఖరి రోజు” అంది.

రెండోసారి బావ మళ్ళీ లోపలికి రాబోయాడు. “నేనుంటేనే మాట్లాడతాది మేడం.”

“బయట కూర్చో అన్నా” అని తలుపేశాను. పెన్ను పక్కన పెట్టి ఆమెతో మా యాసలోనే మాట్లాడాను.

“అక్కా, ఇది నీ పాప సంగతి. నీకు బుద్ధి లేదని ఈ కాగితంలో వస్తే మీ బావోళ్ళు పాపను తీసుకుంటారు. ఇష్టం లేకుంటే లేచి పో, ఎవురూ ఏమీ అనరు. కూర్చుంటే మాత్రం తెలిసింది తెలిసినట్టు చెప్పు.”

“ఆ మాట నాకెవురూ చెప్పలేదే” అంది. ఏడ్వలేదు, కోపంతో ముక్కుపుటాలు అదిరాయి. కుర్చీ ముందుకు లాక్కుంది. “అడుగు పాపా.”

కొన్నిటికి టకటకా చెప్పింది. కొన్ని రాలేదు. రానిదానికి “ఇది నిజంగానే తెల్దు” అంది. ఈ పరీక్షలోనూ వచ్చిన చెక్క ముక్కలు టైముకు ముందే పేర్చి, గుడ్డ అంచులు సరిచేసినట్టు వేలితో అంచులు సరిచేసింది. నేను నవ్వేశాను. మూలన మేడం దగ్గింది. దగ్గితే దగ్గనీ అనుకున్నాను.

ఆమె తెలివి అందరిలాగే ఉందని, బిడ్డను సాకడానికి ఏ లోటూ లేదని రాశాను. మొదటిసారి తప్పు నాదేనని రెండో పేజీలో రాశాను. “ఈ రెండో పేజీ అవసరం లేదు” అంది మేడం. “ఉంది మేడం” అన్నాను. రెండు పేజీల మీదా సంతకం పెట్టింది.

తలుపు తీయగానే బావ లేచి వచ్చాడు. “ఏమడిగినారు? నువ్వేం చెప్పినావు? ఏం రాసుకున్నారు?”

ఆమె కొంగు భుజం మీదికి లాక్కుని, ఆయన ముఖంలోకి సూటిగా చూసింది.

“తెల్దు బావా” అంది.